మార్జిన్

పదహారేండ్ల నుంచి వారాసిగూడల
ఎందరి నడుములో కొలిచిన టేపు
నా మెడల వేలాడుతనే ఉన్నది గని
నా దిక్కు ఒక్కనాడూ తిరగలేదు.

జాకెట్టు బిగుతైనప్పుడల్లా
పక్క కుట్లు విప్పి వదులు చేసుకున్న.
లోపల మడిచిపెట్టిన బట్ట ఉంటది గదా, మార్జిన్ అంటం,
రేపటి లావు కోసం ఇయ్యాల దాచిన అంగుళం.
మొదటిసారి పావు.
హిమజ పుట్టినంక అర.
మోటారు పెట్టించినంక, మొత్తం.

మోటారు సంగతి చెప్పాలె.
ముందు నాది తొక్కుడు మిషనే. పొద్దంత తొక్కితే
పిక్కలు రాయి లెక్క ఉండేవి.
చీటీ పైసలతోని మోటారు బిగించిన నాడు
కాళ్ళు రెండూ రిటైరైనయి,
బొటనవేలు ఒక్కటే డ్యూటీల ఉన్నది.

ఇగ నాలుగింటికి చాయ్,
చాయ్ మీదికి ఉస్మానియా బిస్కెట్లు, రెండే అనుకొని ఆరు,
మూలమీది బండి మిర్చీలు కాయితంల నూనె కారుకుంట.
"అక్కా, పెండ్లి బ్లౌజులు, పొద్దుగాల్నే కావాలె" అంటే
రాత్రి పదకొండింటికి చల్లారిన అన్నం,
నిలబడే.

మొన్న శ్రావణంల ఆకుపచ్చ జాకెట్టు తీసిన.
కుట్లు విప్పిన.
లోపల బట్ట లేదు.
అంచే మిగిలింది, దారాలు బయటపడి.
ముందుగాల నవ్వొచ్చింది. తర్వాత
తలుపు గొళ్ళెం పెట్టి టేపు నా చుట్టూ తిప్పిన.
అందరి అంకెలు పుస్తకంల రాస్త.
నాది రాయలేదు.

జిమ్ముకు పొమ్మన్నది కింది పోర్షన్ అఫ్రోజ్.
"పైసలు నువ్విస్తవా?" అన్న.
"అయితే మెట్లున్నయి గదా, ముఫత్ల" అన్నది.

మూడంతస్తులు, యాభై నాలుగు మెట్లు.
మొదటి రోజు ముప్పైయొకటో మెట్టు మీద కూలబడ్డ.
సిలిండర్ భుజాన పెట్టుకొని ఎక్కుతున్న పిలగాడు
"జర జరుగమ్మా" అన్నడు.
జరిగిన.
రెండో రోజు వానొచ్చింది, మంచి సాకు.
మూడో రోజు మామిడిపల్లి ఆడబిడ్డ వచ్చింది, ఇంకా మంచిది.
నాలుగో రోజు ఏ సాకూ రాలేదు,
కిటికీల కూసొని దానికోసం కాసేపు ఎదురు చూసిన.

మిషనుకూ బీరువాకూ నడుమ
చాప సగం మడిస్తే పట్టేంత జాగ.
అత్తమ్మ కాలం బొగ్గుల ఇస్త్రీపెట్టె అటక మీదికెళ్ళి దింపిన,
ఐదు కిలోలన్న ఉంటది,
కుడిచేత్తోని పది, ఎడమచేత్తోని ఏడు.
హిమజ చూసి, "అమ్మా, గాలికి ఇస్త్రీ చేస్తున్నవా?" అన్నది.

బిస్కెట్ల డబ్బాల హుక్కులు పోసి పెట్టిన.
నాలుగింటికి చెయ్యి దానంతట అదే పోతది,
మూత తీస్తది,
హుక్కులు చూసి సిగ్గుపడి వెనుకకొస్తది.
ఎప్పుడన్న ఒకసారి సిగ్గుపడదు,
చెప్పు లేసుకొని బండి దిక్కు పోతది. అదీ నిజమే.
రాత్రికి జొన్నరొట్టె. మొదటి మూడు చేతులనే విరిగినయి,
ముక్కలే పప్పుల ముంచుకొని తిన్నం,
కూసొని తిన్నం, ఎనిమిదింటికే.

లంగాలకు, దిండు గలీబులకు
మోటారు బెల్టు విప్పేస్తున్న ఇప్పుడు.
తొక్కుతుంటే మిషను పాత చప్పుడు చేసింది,
మోకాలు కూడ చేసింది.
గిరాకీ ఆలస్యమైతున్నదని తిట్టింది ఒక మేడం.
అయితే కానియ్యి.

నెల దాటినంక టేపు తిప్పిన.
ఒక దారం మందం జరిగినట్టు కొట్టింది.
ఊపిరి బిగబట్టినందుకేనేమో అని
విడిచి మళ్ళ కొలిచిన.
ఏమో, ఉన్నదనుకుంటె ఉన్నది.

ఆకుపచ్చ జాకెట్టు తిరగేసి
పక్కన సుద్దతోని ఒక గీత గీసిన, కొంచెం లోపలికే.
అక్కడ కుట్టు పడితే
మళ్ళ మార్జిన్ పుడతది.
సుద్ద గదా, మోచెయ్యి తాకినా పోతది.
సూదిల దారం ఇంకా ఎక్కించలేదు.