నీళ్లు తాగిన చింతపండు

గుణుపురం మంగళవారం సంతలో
రాళ్ల పళ్లెం కింద మా నాన్న
మైనంతో అంటించిన సీసం గుళ్లుండేవి.
ఇరవై కేజీలకి రెండొందల గ్రాములు
మా తక్కెడ మింగేది.
సవరోళ్ల చింతపండేం తక్కువ తిన్లేదు,
తెల్లారగట్ల గెడ్డ దాటేటప్పుడు
దోసెడు నీళ్లు తాగి మరీ వచ్చేది.
వాళ్ల సంగతి మాకు తెలుసు, మా సంగతి వాళ్లకి.
ముప్పై ఏళ్లు
ఎవరూ ఎవర్నీ దొంగ అనలేదు.

నాన్న పోయాక పర్లాకిమిడి నుంచి
ఎర్రంకెల కాటా తెచ్చాను.
"ఎంత మింగమంటే అంత మింగుతాది బావూ" అని
అమ్మినవాడు మీట చూపించాడు.
కేజీకి పెట్టాను.

సుంబారి గంప దించింది.
పంతొమ్మిది, అంది కాటా.
ఆమె అంకెల వైపు చూడలేదు,
నా మొహం చూసి గంప ఎత్తుకుంది.
"ఏడు మైళ్లు కొండెక్కిస్తావేటి దాన్ని?
నష్టం నీకే గదా, లెక్క తెల్దా?"
"తెలుసు" అంది.
ఏడొందల అరవై రూపాయలు
నెత్తిన పెట్టుకుని ఎండలో వెళ్లిపోయింది,
నాన్న లెక్కలో పోయే ఎనిమిదీ తీసేస్తే
ముప్పై రెండు రూపాయల కోసం.
నవ్వాను కూడా, గుర్తుంది.

మరుసటి మంగళవారం ఆ కొండ మీంచి
ఒక్క గంపా నా దగ్గర దిగలేదు.
బిసోయి కొట్టు ముందు వరస కట్టారు.
వాడిది మూడొందలు మింగుతుందని
సంతలో పిల్లలకి కూడా తెలుసు.
అయినా అక్కడే నిలబడ్డారు.

మూడో వారం అటక మీది తక్కెడ దించాను,
బూజు దులిపి దూలానికి కట్టాను.
సుంబారి వచ్చింది.
రాళ్లన్నీ ఒక్కొక్కటే చేత్తో ఎత్తి చూసి
గంప పెట్టింది.
అలవాటు కొద్దీ వేలితో నొక్కాను.
పొడి.
గలగలమంది చింతపండు, ఎండుటాకులా.

ఏం చెప్పను, ఆ పొడిదనానికి
నా చెయ్యి పళ్లెం కిందికి పోయింది.
ఆమె చూస్తుండగానే
గోటితో గీకడం మొదలెట్టాను.
ముప్పై ఏళ్ల మైనం, ఎక్కడూడుతుంది?
సగం రాలింది, నాలుగు గుళ్లు దొర్లాయి.

"ఉండనీ మిగతాది" అంది
తలగుడ్డ చుట్టుకుంటూ,
"వచ్చే వారం మళ్లీ
గెడ్డ దాటాలి గదా."