గట్టు ఎత్తు

మా వంటగట్టు మీద దోసె
ఎప్పుడూ దక్షిణానికే జారేది.
స్టవ్వు కాలి కింద
నాలుగు మడతలేసిన సబ్బుపెట్టె అట్ట.
అయినా పిండికి తెలిసిపోయేది
కడప బండ ఎటు కుంగిందో.

కుళాయికి నా పాత జాకెట్టు పేలిక కట్టు.
అలమర తలుపుకి సైకిల్ ట్యూబు బందు.
తూము దగ్గర పందికొక్కు చేసిన బొక్కకి
ఏటా ఒక సిమెంటు ముద్ద,
ఏటా దాని పక్కనే ఇంకో బొక్క.

అలాగని మా ఇంటాయన రాయి ఎరగని మనిషి కాదు.
టెక్కలి గ్రానైటు ఫ్యాక్టరీలో పాలిష్ మిషను మీద
పద్దెనిమిదేళ్ళు.
నీలం పలకలో తన మొహం తనకి కనబడేదాకా
రుద్ది రుద్ది పంపిస్తాడు.
ఏ ఊళ్ళో ఏ ఆడమనిషి వాటి మీద
ఉల్లిపాయలు తరుగుతుందో మాకు తెలీదు.
సాయంత్రం ఆయన ఒళ్ళు కడుక్కుంటే
నీళ్ళు తెల్లగా పోతాయి.

"ముక్కలొస్తాయి, చవగ్గా వేయించీద్దుం" అన్నాడు
పెళ్ళయిన ఏడు.
ముక్కలొచ్చేవి. ఒకటి వెడల్పు చాలదు,
ఒకటి అంచు విరిగింది,
ఒకటి నీలం కాదు, బూడిద.
పెరటిగోడకి చేరబడి
అవి కోళ్ళకి నీడయ్యాయి.

ఈలోగా నేను నీళ్ళోసుకున్నాను.
ఇంటావిడ కడుపుతో ఉంటే గోడ ముట్టకూడదన్నారు.
డిల్లేశ్వరి పుట్టింది. తర్వాత మూఢం.
ఆ మూఢం ఎన్నేళ్ళు నడిచిందో నాకిప్పటికీ లెక్క తేలదు.
తిత్లీ వచ్చి రేకులు పట్టుకుపోయింది,
ముందు కప్పు కావాలి కదా.
తర్వాత కరోనా. తర్వాత పిల్ల పదో తరగతి పరీక్షలు.
రేషన్ షాపు దగ్గర మెతక మనిషిలా
వంటిల్లు అందరినీ ముందుకి పోనిచ్చింది.

ఆ గట్టు మా అత్త దాలమ్మ కట్టించుకున్నది.
నేలపొయ్యి దగ్గర గొంతుక్కూచుని
మోకాళ్ళు అరిగాక, చోళ్ళు అమ్మిన డబ్బుతో.
"నా మొల కాడికి ఉండాల" అని
మేస్త్రికి చేత్తో చూపించిందట.
ఆవిడ మొల నా తొడ.
కాపురానికొచ్చిన రోజు చారు పోపెట్టడానికి వంగాను.
అంతే.

మొన్న మాఘంలో నడుం పట్టేసింది.
మూడు వారాలు మంచం దిగొద్దన్నాడు డాక్టరు.
కూర్మారావు గరిటె పట్టాడు.
మొదటిరోజు చోడంబలి.
రెండోరోజు నెత్తళ్ళ పులుసు, ఉప్పు మరిచి.
మూడోరోజు నడుం మీద చెయ్యేసుకుని
"ఏటిది, నూతిలోకి తొంగి సూస్తన్నట్టుంది" అన్నాడు.
నాలుగోరోజు పొద్దున్నే తవిటయ్య మేస్త్రి
మా గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు.

పద్దెనిమిదేళ్ళ నా నొప్పికి కుదరని ముహూర్తం
ఆయన మూడు రోజుల నొప్పికి కుదిరింది.
నవ్వొచ్చింది. నవ్వితే నడుం కలుక్కుమంది.

తవిటయ్య టేపు లాగి
"ఓపాలి నిలబడమ్మా, నీ మోచెయ్యి ఎంతెత్తు?" అన్నాడు.
ఇన్నేళ్ళలో కార్డుల వాళ్ళు
పేరడిగారు, వయసడిగారు, వేలిముద్రడిగారు.
మోచెయ్యి ఎవరడిగారు?
గోడ పట్టుకుని లేచాను.
మోచేతికి బెత్తెడు కింద, ముప్ఫై ఆరంగుళాలని
పెన్సిలుతో గీత గీశాడు.
ఆయన టీ తాగి వెళ్ళిపోయాక కూడా
ఆ గీతని చూస్తూ పడుకున్నాను.

పెరటి ముక్కల్లో రెండు పనికొచ్చాయి,
నీలమూ బూడిదా పక్కపక్కన, అతుకు కనబడుతూనే.
కోళ్ళు రెండ్రోజులు అలిగాయి.

తీసేటప్పుడు కడప బండ రెండుగా పగిలింది.
ఒక ముక్కని దాలమ్మ తనే దొర్లించుకొచ్చి
కొత్త గట్టు ముందు వేయించుకుంది.
దాని మీదెక్కి పాలగిన్నెలోకి చూస్తుంది ఇప్పుడు.
"నా గట్టు నా కాళ్ళ కిందే ఉంది" అంటుంది,
ఎవరి మీదో గెలిచినట్టు.

దోసె గుండ్రంగా వస్తోంది.
నేనే ఇంకా తిన్నగా లేను.
పోపు వేయబోతూ అలవాటుగా వంగుతాను,
మూకుడు ఆవిరి మొహానికి కొడుతుంది.
"లెగు, లెగు" అంటుంది రాయి మీంచి అత్త,
"గట్టు పైకొచ్చీసినాది,
నువ్వే ఇంకా రాలేదు."