ఉండావా నా

మూడో లాడ్జీ వాడూ నా భుజం మీంచి చూశాడు,
వెనక ఆటోలోంచి ఇంకెవరైనా దిగుతున్నారేమోనని.
బ్యాగు తప్ప ఎవరూ లేరు.
"ఒంటిగా వొచ్చినోళ్లకి రూమివ్వం నా. ఫ్యామిలీ అయితే చెప్పు."
నూట పద్నాలుగు రోజులుగా వీపున మోస్తున్నది సంసారమే అందామనుకున్నా,
నోరు తిరగలేదు.
గాంధీరోడ్డు మీద వాన
ఇత్తడి సామాన్ల కొట్ల ముందు
బిందె బిందెనీ వేలితో కొట్టి చూసే
బేరాల ముసలమ్మలా పడుతోంది.

నాలుగో లాడ్జీలో చెంగల్రాయులు
నా బూట్లలోంచి కారే నీళ్లని చూసి రిజిస్టరు తెరిచాడు.
"ఎంతమంది?" అని తనే అడిగి
తనే రెండని రాసుకున్నాడు.

రైళ్లు లేవు. రేణిగుంట దగ్గర పట్టాలు నీళ్లలో ఉన్నాయట.
కొండ లేదు. ఉందట, మబ్బులో.
తిరుపతిలో ఉండి కొండని చూడనివాణ్ణి
నేనొక్కణ్ణే అయ్యుంటాను.
బనీను ఆరదు. సాక్సులు అసలే ఆరవు.
ఫ్యాను కింద తాడు కట్టి నాలుగు నెలల్ని ఆరేసుకుని
వాటి కింద పడుకున్నాను.
పేరు మర్చిపోయిన ఏదో ఊరి మట్టి
ప్యాంటు అంచున ఇంకా ఉంది.

మెట్లు దిగితే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న:
"దర్శనం అయిందా?"
బజ్జీల బండి మునెమ్మ, ఆటోవాళ్లు,
మందుల షాపులో దగ్గుమందిచ్చిన పిల్ల కూడా.
మొదట్లో లేదన్నాను. తర్వాత రేపన్నాను.
అయిదోనాటికి విసుగొచ్చి అయిందనేశాను.
మునెమ్మ నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.
ఇంకో మిరపకాయ బజ్జీ వేసింది, డబ్బు తీసుకోలేదు.
ఆ బజ్జీ ఇప్పటికీ అరగలేదు.

లీలామహల్ సర్కిల్లో మోకాలి లోతు నీళ్లు.
తాత, తండ్రి, తల్లి, చంకలో బిడ్డ,
నాలుగు కొత్త గుండ్లు రోడ్డు దాటుతున్నాయి.
గంధం వానకి కరిగి చెంపల మీదికి కారుతోంది.
బిడ్డ నాలుక చాపి రుచి చూస్తోంది.
ఫోను తీశాను, తడిసిపోయి వెలగలేదు.
మంచిదే అయింది.

రోజూ రాత్రి పదింటికి తలుపు మీద రెండు దెబ్బలు.
"ఉండావా నా?"
"ఉన్నాను."
అంతే. చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయేది.
నీళ్లు కావాలేమోనని అనుకున్నా మొదట, ఆ తర్వాత
అద్దె కోసమేమోననుకున్నా.
ఒకరాత్రి నిద్రమత్తులో "వానా?" అని వినబడి
"ఆఁ, పడుతూనే ఉంది" అన్నాను.
ఇంకోరాత్రి కసురుకున్నా: "ఈ వానలో ఎక్కడికి పోతానయ్యా?"
తలుపవతల కాసేపు ఏమీ లేదు.
"పొయ్యేవోళ్లు వానకి ఆగర్లే నా."

ఆరోరోజు కరెంటు పోయింది.
కౌంటరు మీద కొవ్వొత్తి, ఇంటినుంచి తెచ్చిన సంగటి, ఊరుబిండి.
సగం నాకు పెట్టాడు.
తింటూ ఎడమచేత్తో రిజిస్టరు తిప్పాను.
నా పేరు. దాని కింద అదే నీలం సిరా:
లోకనాథం, ఇరవై ఆరు.
"ఎవరితను?"
చెంగల్రాయులు ముద్దలో వేలితో గుంట చేస్తున్నాడు,
చేస్తూనే ఉన్నాడు.
"రెండోపేరు లేకుంటే ఓనరు ఒప్పుకోడు.
నా నోటికొచ్చే పేరు అదొకటే.
నాలుగేండ్ల కిందట వొచ్చినాడు. ఒంటిగానే.
తాళం నేనే ఇచ్చినా. నీ రూమే."

గది మార్చమని అడగలేదు.
ఆరేసిన బట్టలు కొంచెం పక్కకి జరిపి
మంచం గోడవైపు సగం వదిలి పడుకున్నాను.
కపిలతీర్థం వైపు నుంచి నీళ్ల హోరు.
పదింటికి తలుపు.
"ఉండావా నా?"
"ఉన్నాం," అన్నాను.

తెల్లారి కిటికీ తీస్తే కొండ.
నల్లగా, తడిగా, చెయ్యి చాపితే తగిలేలా.
ఇంత పక్కనే ఉందా ఇన్నాళ్లూ.
బూట్లు మాత్రం ఇంకా ఆరలేదు.