తట్టడం

డండీలో మధ్యాహ్నం మూడున్నరకే
ఎవరో లైటు తీసేసినట్టు చీకటి.
వర్క్‌షాపులో నేనూ, ఒక రాగిరేకూ,
గాలి పట్టిన రేడియేటరూ.
ఉండుండి టక్ టక్ మంటుందది.

మన భాషలో ఊహ రాదు, తడుతుంది.
తలుపు తట్టినట్టా, భుజం తట్టినట్టా,
చీకట్లో నడుస్తుంటే కాలికి రాయి తట్టినట్టా
ఎవరూ చెప్పరు.
ఆరు వారాలుగా నాకేమీ తట్టలేదు,
మూడు అర్థాల్లోనూ.

టే నది మీది రైలు వంతెన గీస్తున్నాను.
ఒక్కో స్తంభం, ఒక్కో దూలం, లెక్క తప్పకుండా.
మైనం మీద సూది బాగానే నడుస్తోంది,
మార్కుల కోసం చదివే పిల్లలా.
ఆమ్లంలో ముంచి, కడిగి, ముద్ర తీస్తే
వంతెన ఉంటుంది.
దాని మీంచి ఏ రైలూ పోదు.

ఐల్సాకి డెబ్బై ఆరు. ప్రెస్సుకి నూనె వేసేదీ ఆమే,
బిస్కెట్ల డబ్బా దాచేదీ ఆమే.
వాళ్ళమ్మ జనపనార మిల్లులో, మగ్గాల మధ్య
ముప్ఫై ఏళ్ళు నిలబడిందట.
ఆ రొదలో మాట వినపడదు గనక
ఆడవాళ్ళు పెదవులతో, వేళ్ళతో కబుర్లాడుకునేవారట.
"ఇంటికొచ్చాక కూడా అమ్మ చేతులు ఊరుకునేవి కావు,
నిద్రలో దుప్పటి మీద ఏదో చెబుతుండేవి."
ఆ మాటంటూ నా రేకు వంక చూసింది.
నీ చేతులేం మాట్లాడడం లేదే, అనలేదు.
టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

ఆ రోజూ మామూలుగానే సిరా పూశాను.
గంజి పెట్టిన గుడ్డతో గుండ్రంగా తుడుస్తున్నాను.
వేడిపలక మీద రేకు గోరువెచ్చగా
జ్వరం దిగుతున్న నుదురులా ఉంది.
ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి,
చెయ్యి ఆగింది.

నేను ఆపలేదు. ఎలా చెప్పను?
ఇంకో మెట్టు ఉందనుకుని చీకట్లో వేసిన పాదానికి
నేల ముందే దొరికినట్టు
ఆగింది.
వంతెన పైభాగమంతా సిరా కిందే ఉండిపోయింది,
తెల్లారగట్ల నది మీద పడుకున్న పొగమంచులా.
బయటపడ్డవి అడుగున ఉన్న మొండి స్తంభాలే.
ఎప్పుడో కూలిన పాత వంతెనవి.
కొత్తదాని పక్కనే నీళ్ళలో వరసగా నిలబడి ఉంటాయి
మోయడానికేమీ లేక.
వాటిని గీసినట్టు నాకే గుర్తులేదు,
ఖాళీ నింపడానికి గీసి ఉంటాను.

బుర్ర అంది: తుడు, ఇంకా తుడవాలి.
చెయ్యి గుడ్డని బల్ల మీద పెట్టేసింది.

చక్రం తిప్పాను. తడికాగితం మూల పట్టుకుని
పుండు మీది కట్టు విప్పినంత మెల్లగా లేపాను.
ఐల్సా రెండు కప్పులతో వచ్చి నిలబడింది.
చాలాసేపటికి కప్పు కింద పెట్టి
బొటనవేలిని చూపుడువేలికి రెండుసార్లు తాకించింది.
మిల్లు భాషలో దాని అర్థమేమిటో నాకు తెలీదు.
అడగలేదు.

మర్నాడు అదే రేకు, అదే సిరా, అదే గుడ్డ.
పదకొండు ముద్రలు తీశాను.
పదకొండింటిలోనూ పొగమంచు వేసినట్టుంది,
కమ్మినట్టు లేదు.
ఎక్కడ ఆగాలో నాకు తెలిసిపోయింది మరి.
వాటి వెనకవైపు ఇప్పుడు సరుకుల చిట్టా రాసుకుంటున్నాను,
ఉల్లిపాయలు, పాలు, బల్బు.

ప్రదర్శన రోజున, గొడుగు నుంచి నీళ్ళు కారుతున్న ఒకాయన
ఇది మీకెలా తట్టిందని అడిగాడు.
జ్ఞాపకం గురించీ, నది గురించీ ఏదో చెప్పాను.
ఆయన తలూపాడు. నేనూ ఊపాను.
మూల కుర్చీలో ఐల్సా
బిస్కెట్టు నములుతూ నవ్వు ఆపుకుంటోంది.

ఈ సాయంత్రం, గోళ్ళ సందుల్లో నలుపు అలాగే ఉంచి
కొత్త రేకు అంచులు ఆకురాయితో రుద్దుతున్నాను.
దాని మీద ఇంకా ఏమీ లేదు, నా ముఖం తప్ప,
అదీ మసగ్గా.

వెనక నుంచి టక్ టక్.
గబుక్కున తిరిగి చూశాను.

రేడియేటర్.
సరే, అదైనా తట్టింది.