పంపే కారణం

రూవీలో జీతాల శుక్రవారం.
ఏసీ చల్లగానే ఉంది,
లోపలికొచ్చే చొక్కాలే ఇంకా ఎండలో ఉన్నాయి.

నాకూ వాళ్లకూ మధ్య అద్దం,
అద్దానికి పన్నెండు చిల్లులు.
లెక్కపెట్టాను, చేరిన కొత్తలో,
రేటు ఎందుకు పడిందని ఒకాయన
నన్ను తిడుతున్నంతసేపూ.
రాత్రిళ్లు రూపాయికి నేనే దాణా పెట్టి
బలిపిస్తున్నట్టు.
"సారీ సర్" అన్నాను, పన్నెండు చిల్లుల్లోంచీ.

అద్దం పక్కన ఓ చిన్న యంత్రం.
దానికి మూడు ముఖాలు: పచ్చది నవ్వుతుంది,
పసుపుది ఏమీ అనదు,
ఎర్రది మూతి ముడుస్తుంది.
వెళ్తూ వెళ్తూ ఒకటి నొక్కిపోతారు.
నెలాఖరుకి మేనేజర్ కురువిళ అవన్నీ కూడి
నా ముఖం ఎంతో చెప్తాడు.
పోయిన నెల ఎనభై ఒకటి.

టోకెన్ రెండొందల పద్నాలుగు.
రాజేశం. తాపీ పని.
గోళ్లలో సిమెంటు, కార్డు మాత్రం
పాలిథిన్ కవర్లో, పొత్తిళ్లలో బిడ్డలా.
నెలనెలా యాభై రియాళ్లు, అంకం రాజవ్వకి.
నేను అడక్కముందే చెప్పేస్తాడు: "మా అవ్వకు."

ఇవాళ కాగితం మీద వేరే పేరు.
ఎవరు?
"తమ్ముడు."
ఎంత?
"నూట ఇరవై. చిట్టీ ఎత్తిన."
కారణం?
అడగాలి. అడక్కపోతే తెర ముందుకు కదలదు.
"అవ్వకే మేడం" అన్నాడు.
"దినాలకు."

జాబితా కిందికి లాగాను.
కుటుంబ పోషణ. చదువు. వైద్యం.
ఇంటి నిర్మాణం. బహుమతి. అప్పు తీర్చుట.
మళ్లీ పైకి లాగాను,
ఎక్కడో ఉండకపోతుందా అని.
వెనక రెండొందల పదిహేను దగ్గుతున్నాడు.

ఎప్పుడు పోయిందని అడగలేదు.
సెలవివ్వలేదా, టికెట్ దొరకలేదా,
అదీ అడగలేదు.
మనిషికి నాలుగు నిమిషాలు,
అందులో ఒకటి ప్రింటరుదే.
కుటుంబ పోషణ అని నొక్కాను.
రాజవ్వని ఈ నెల కూడా పోషించాం,
నేనూ అతనూ.

రసీదు ఇస్తుంటే ట్రైనింగులో నేర్పిన మాట
దానంతటదే వచ్చేసింది, పళ్లతో సహా:
"ఇంకేమైనా సహాయం కావాలా సర్?"
అతను నిజంగానే ఆలోచించాడు.
"ఏం లేదమ్మా" అన్నాడు.
అప్పటిదాకా మేడం.

యంత్రం దగ్గర ఆగాడు.
పచ్చదాని మీదికి వేలు పోయింది,
ఆనీ ఆనకుండా వెనక్కొచ్చింది.
సిమెంటు అంటిందనుకున్నాడేమో,
చొక్కా కొసతో మూడు ముఖాలూ తుడిచాడు,
మెల్లగా, ఒక్కొక్కటీ.
తుడవడంలో ఎర్రది నొక్కుకుంది.
ఆ చప్పుడు నాకు తెలుసు. అతనికి తెలీదు.

రెండొందల పదిహేను.
నమస్తే సర్.

నా డబ్బు నేను పంపుకోకూడదు, అది రూలు.
డ్యూటీ దిగి నిరోషా కౌంటర్ ముందు నిలబడ్డాను,
అద్దానికి ఇవతల.
ఇటు నుంచి చిల్లులు ఇంకా చిన్నవి.
"కారణం?" అంది, తలెత్తకుండా.

చెప్పడానికి నాకు
నాలుగు నిమిషాలూ పట్టాయి.
వెనక ఎవరో దగ్గారు.