నెష్

కోటు గుండీ పెట్టుకుంటే చాలు
"నెష్‌గాడివిరా" అనేవాడు విల్ఫ్ ఆర్గిల్,
డార్బీషైర్ బొగ్గుగని గేటు దగ్గర
జనవరి మంచులో చొక్కా చేతులు మడిచి.
చలికి ఆగలేనివాడని తిట్టు.

పాత నిఘంటువు ఇంకోలా చెబుతుంది.
వెయ్యేళ్ళ కింద ఈ మాటకి ముందు
ఒక హకారం ఉండేదట,
నోటి ముందు ఆవిరిలా.
ఏ శీతాకాలంలో రాలిపోయిందో.
అప్పుడు దానర్థం మెత్తన.
లేత.

గని మూశారు. గేటు తుక్కుకి పోయింది.
నిన్న ప్రసూతి వార్డులో
బొగ్గు ఇంకిన నీలిమచ్చల బొటనవేలు
మనవరాలి మాడు మీద పెట్టాడు విల్ఫ్.
ఎముక ఇంకా కలవని చోటు,
కింద ఏదో కొట్టుకుంటోంది.
కాలినట్టు వేలు తీసేశాడు.

"నెష్" అన్నాడు,
అనేముందు
చిన్న ఊపిరి వదిలి.