మూడడుగుల లోతున

ఈ ఊరి వీధుల పేర్లు నాకు సక్కగ రావు.
లోతులు వస్తయి.

బాబ్ అల్ బహ్రెయిన్ వెనక సందుల
అడుగు దాకా తారు, కంకర.
అడుగున్నర కాడ ఎవరో పూడ్చి మరిచిన ఇనుప పైపు,
దానికి ఆనుకొని సచ్చిపోయిన టెలిఫోను తీగ.
రెండడుగులకు ఆల్చిప్పలు.
గడ్డపార తగిలితే నిద్దర్ల పండ్లు కొరికిన సప్పుడు.
మూడడుగులకు తడి ఇసుక.
లింబాద్రి వేలు ముంచి నాకి చూసిండు:
"ఉప్పేరా. సముద్రం ఇంకా ఖాళీ చెయ్యలే."

ఒకప్పుడు ఆ దర్వాజ ముంగటనే పడవలు ఆగేవట.
ఇప్పుడు ట్యాక్సీలు ఆగుతున్నయి.
మట్టి పోసి పోసి నీళ్లను ఎనుకకు జరిపి
మీద బ్యాంకులు కట్టిన్రు.
దర్వాజ మాత్రం జరగలే,
చుట్టం పోయినంక గూడ గడపల నిలబడ్డ ముసలోని లెక్క.

సూపర్‌వైజర్ నక్షల ఇవేం లేవు.
ఎర్ర గీత కరెంటు, నీలి గీత నీళ్లు,
ఆకుపచ్చ గీత ఏందో ఆయనకూ తెల్వది.

రాత్రి రెండింటికి చాయ్. మక్కీ తాత కొట్టు.
వచ్చిన కొత్తల గ్లాసు చేతికిచ్చి "రుబియా" అన్నడు.
నేను జేబులు దులిపి చూపిన:
తాతా, మా దేశం పైసలు నా కాడ లేవు.
నవ్వి నవ్వి దగ్గిండు.
నూరు ఫిల్సుల బిళ్లను, దినార్ల పదో వంతును,
ఈడి ముసలోళ్లు ఇప్పటికీ రుబియా అనే అంటరు.
టార్చిలైటును బిజ్లీ అంటరు.
ఎవలు తెచ్చి ఇడిసిపోయిన్రో ఈ మాటలు,
తిరిగి తీసుకపోనీకి ఎవలూ రాలే.

వాళ్ల తాత కాలికి రాయి కట్టుకొని
ముత్యాలకు మునిగెటోడట.
ఎంత మునిగినా అప్పు తేలలేదట.
ఆయన పోయినంక ఆ చిట్టా వాళ్ల నాయిన పేరు మీదికెక్కింది.
చెప్పి నా దిక్కు చూసిండు.
నేను చాయ్ దిక్కు చూసిన.
ఏజెంటు కాగితం మీద మా బాపు వేలిముద్ర
ఇంకా తడిగనే ఉన్నట్టు.

పదకొండో రాత్రి పారకు టింగుమన్నది.
అంచు పూవు లెక్క వంకులు తిరిగిన బిళ్ల.
ఒక దిక్కు ఏ రాజో, ముక్కు అరిగిపోయిన రాజు.
రెండో దిక్కు ఉమ్మేసి బొటనవేలితో రుద్దిన.
నాలుగైదు భాషల్ల రాసిన్రు,
ఒక మూలకు, సన్నగ,
ఒక అణా.

తెలుగుల.

మా బడిల పలక మీద దిద్దిన అక్షరాలు
నాకన్న ముందు ఈడికొచ్చి
మూడడుగుల కింద పండుకున్నయి.
నన్ను చౌరస్తకొకసారి అడిగిన కార్డు
వాటినెవడూ అడగలే.

పాత సామాన్ల దుకాణపోడు ఐదు దినార్లిస్తడు,
అన్నడు లింబాద్రి.

పొద్దుగాల కేబులు దించిన్రు.
నేను బిళ్లను తడి ఇసుకల ఒత్తి పెట్టిన, అక్షరాలు పైకి.
మీద ఇసుక. ఇసుక మీద పసుపుపచ్చ టేపు:
జాగ్రత్త, కింద కరెంటున్నది అని
అరబ్బీల, ఇంగ్లీషుల.
తెలుగు కిందనే ఉన్నది.

లింబాద్రి నాతోటి వారం మాట్లాడలే.
ఐదు దినార్లురా, అంటడు ఇప్పటికీ.
నిజమే.
యాభై రుబియాలు.